నెలకు 499 అన్నారు, ఏడాదికి ఎంతో చెప్పలేదు: ఒక డిజైన్ సాఫ్ట్‌వేర్ చందాపై రెండేళ్ల సమీక్ష

విశాఖపట్నం ద్వారకానగర్‌లో ఒక చిన్న శిక్షణ గదిలో పదకొండేళ్లుగా గ్రాఫిక్ డిజైన్ చెబుతున్నాను. ఏటా జూన్‌లో మొదలయ్యే బ్యాచ్‌లో పద్దెనిమిది నుంచి ఇరవై మంది ఉంటారు. గాజువాక, పెందుర్తి, తగరపువలసల నుంచి బస్సుల్లో వచ్చేవాళ్లే ఎక్కువ. రెండేళ్ల క్రితం ఒక బ్యాచ్‌లోని పద్దెనిమిది మందికీ లోగోలు, బొమ్మలు గీసుకునే ఒక చందా సాఫ్ట్‌వేర్‌ను నేనే సూచించాను. ఆ సాఫ్ట్‌వేర్ ఎలా పనిచేసింది, దాని ధరను మాకు ఎలా చెప్పారు, ఎలా అమ్మారు అన్నది ఈ సమీక్షలో రాస్తున్నాను. సంస్థ పేరు రాయడం లేదు. ఇక్కడ చెప్పే లోపాలు చాలా సంస్థల ధరల పేజీల్లో ఇదే వరుసలో కనిపిస్తాయి కాబట్టి పేరు తెలియకపోయినా చదివేవారికి నష్టం లేదు.

మొదట ధరల పేజీ. తెర మీద మూడు నిలువు వరుసలు ఉండేవి. మధ్య వరుసను మిగతా రెండింటికంటే కాస్త పైకి జరిపి, చుట్టూ నీలి అంచు వేసి, నెత్తిన ‘ఎక్కువ మంది ఎంచుకున్నది’ అనే పట్టీ కట్టారు. దాని నడుమ విద్యార్థులకు నెలకు 499 రూపాయలు అన్న అంకె మందంగా, 48 పిక్సెళ్ల పరిమాణంలో ఉంది. దాని కింద 12 పిక్సెళ్ల లేత బూడిద రంగు అక్షరాల్లో, ఏడాది మొత్తం ఒకేసారి వసూలు చేస్తామన్న వాక్యం ఉంది. ఆ బూడిద రంగు సంకేతం 999999. తెల్లటి నేల మీద దాని స్పష్టత నిష్పత్తి, అంటే అక్షరం రంగుకూ నేల రంగుకూ మధ్య వెలుగు తేడా, 2.85:1 మాత్రమే వస్తుంది. మామూలు పరిమాణంలో ఉన్న అక్షరాలకు కనీసం 4.5:1 ఉండాలని వెబ్ అందుబాటు ప్రమాణాలు చెబుతాయి, మా క్లాసులో రెండో వారంలోనే ఈ పాఠం వస్తుంది. చూపు తగ్గిన తండ్రి తన ఫోన్‌లో ఆ పేజీ తెరిస్తే 499 కనిపిస్తుంది, కింది వాక్యం కనిపించదు. బొమ్మలు గీసే సాధనాలు అమ్మే సంస్థకు ఈ సంగతి తెలియదని నేను అనుకోలేను.

లెక్క ఇది. నెలకు 499 చొప్పున పన్నెండు నెలలకు 5,988 రూపాయలు. దాని మీద 18 శాతం జీఎస్టీ 1,077 రూపాయల 84 పైసలు. మొత్తం 7,065 రూపాయల 84 పైసలు. ఈ చివరి అంకె మొదటి తెరలో లేదు, రెండో తెరలోనూ లేదు. కార్డు వివరాలన్నీ నింపి, మరో నొక్కు నొక్కితే పని అయిపోతుందనుకున్న మూడో తెరలో కనిపించింది. అప్పటికి పిల్లలు అరగంట వెచ్చించి ఉంటారు, పక్కవాళ్లంతా కొనేసి ఉంటారు. ఆ దశలో వెనక్కి వెళ్లేవారు అరుదు.

కన్ను ముందు ఎక్కడ వాలాలి, అక్కడి నుంచి ఎటు నడవాలి అన్నది మేము నేర్పే మొదటి పాఠం. ఆ పాఠం కోసం ప్రతి బ్యాచ్‌నూ ఒక ఉదయం ఎంవీపీ కాలనీ రైతు బజారుకు తీసుకెళ్తాను. రైతు బజార్లు మన రాష్ట్రంలో 1999 జనవరిలో మొదలయ్యాయి, ఆ రోజు ధరలను బోర్డు మీద రాసి పెట్టడం వాటి పద్ధతిలో భాగం. బోర్డు పైన తేదీ, ఎడమ పక్క కూరగాయ పేరు, కుడి పక్క కిలో ధర. చేతిరాత వంకరగా ఉంటుంది. మేము వెళ్లిన రోజు బెండకాయల దగ్గర పాత అంకె సుద్ద సరిగా చెరగక కొత్త అంకె వెనక నీడలా ఉండిపోయింది. అయినా సంచీ పట్టుకుని వచ్చిన పెద్దావిడ నడక ఆపకుండానే టమాటా ధర చదువుకుని లోపలికి వెళ్లిపోయింది. అన్ని అంకెలూ ఒకే ఎత్తులో ఉన్నాయి. లోపల దుకాణంలో కొత్తగా కలిసే రుసుము ఏమీ లేదు. పిల్లల చేత ఆ బోర్డునూ, మా సాఫ్ట్‌వేర్ ధరల పేజీనీ పక్కపక్కన పెట్టి గీయించాను. ఎవరి గీతలో చూసినా తేడా ఒక్క చూపులో తెలిసిపోయింది.

మన దేశంలో పొట్లం కట్టి అమ్మే సరుకుకు అన్ని పన్నులూ కలిపిన గరిష్ఠ చిల్లర ధర ముద్రించాలి. 2011 నాటి ప్యాకేజీ సరుకుల తూనికల కొలతల నియమాలు ఆ అంకెల కనీస ఎత్తు ఎంత ఉండాలో కూడా చెబుతాయి. అంటే బిస్కెట్ పొట్లం మీద ధర ఎంత చిన్నదిగా వేయవచ్చో దానికి ఒక హద్దు ఉంది. ప్యాకేజింగ్ పాఠం చెప్పేటప్పుడు ఈ నియమం పిల్లల చేత కంఠస్థం చేయిస్తాను. అదే పిల్లలు ఏడు వేలు పెట్టి కొనే సాధనం ధరను 12 పిక్సెళ్ల బూడిద వాక్యంలో వెతుక్కోవలసి వచ్చినప్పుడు నాకు కోపం వచ్చింది.

ఇక మార్కెటింగ్ సంగతి. ఇందులో నా బాధ్యత ఉంది కాబట్టి వివరంగా రాస్తాను. ఆ సంస్థవారు సిరిపురంలోని ఒక హోటల్లో ఉపాధ్యాయులకు ఒక రోజు శిక్షణ ఏర్పాటు చేశారు. భోజనం పెట్టారు, ధ్రువపత్రం ఇచ్చారు, ఉపాధ్యాయులకు ఏడాది పాటు ఉచిత లైసెన్సు ఇచ్చారు. నేర్పిన విషయం నిజంగా బాగుంది, నేర్పినాయన పనిమంతుడు. నేను తిరిగివచ్చి ఆ సాఫ్ట్‌వేర్‌తోనే పాఠాలు సిద్ధం చేసుకున్నాను. నేను ఏ సాధనంతో పాఠం చెబితే పిల్లలకు అదే సిలబస్ అవుతుంది. ఆరు నెలలు గడిచేసరికి ఆ షార్ట్‌కట్‌లు వేళ్లకు పట్టేస్తాయి, కళ్లు మూసుకుని కూడా గీతలు గీసే పెన్ టూల్ పట్టుకోగలుగుతారు. తర్వాత వేరే సాఫ్ట్‌వేర్‌కు మారాలంటే మళ్లీ నడక నేర్చుకున్నట్టే ఉంటుంది. ఆ ఆరు నెలల అలవాటు కోసమే విద్యార్థి రాయితీ. నాకు ఉచితంగా ఇచ్చిన లైసెన్సు ఖర్చును పిల్లల రెండో ఏడాది ధరలో రాబట్టుకుంటున్నారని నాకు ఏడాది తర్వాత అర్థమైంది. ఆ పద్దెనిమిది మందీ రెండో ఏడాది కొనసాగితే, కింద చెప్పే రెండో ఏడాది ధర లెక్కన, పన్నుతో కలిపి వారు కట్టేది 2,54,625 రూపాయలు. అంత వ్యాపారాన్ని తెచ్చిపెట్టిన మనిషిని నేను. కొనే ముందు రెండో ఏడాది ధర ఎంత అని ఒక్కసారి కూడా అడగలేదు.

చందా పద్ధతి మొత్తం తప్పని నేను అనను. 2012లో వచ్చిన క్రియేటివ్ సూట్ 6 అనే సాఫ్ట్‌వేర్ల కట్ట వరకూ, ఫోటోషాప్ తయారుచేసే అడోబీ తన సాఫ్ట్‌వేర్‌ను ఒకసారి కొనుక్కునే పద్ధతిలో అమ్మింది. 2013 మే నెలలో ఇకపై కొత్త కూర్పులు చందా మీదే వస్తాయని ప్రకటించింది. అంతకుముందు డబ్బాలో డిస్కుగా అమ్మిన సాఫ్ట్‌వేర్ ధర మన ఊరి చిన్న ప్రెస్సులకు అందేది కాదు, అందుకే నకిలీ డిస్కులు ఊరంతా తిరిగేవి. నెలకు కొంత కట్టే వీలు వచ్చాక ఒంటరిగా పనిచేసే డిజైనర్లు కొందరైనా అసలైన లైసెన్సు తీసుకోగలిగారు. అది మేలు. కాకపోతే డబ్బాలో కొన్న పాత కూర్పు, ఆ కంప్యూటర్ బతికున్నంతకాలం పనిచేసేది. చందా ఆగిన మర్నాడు సాధనం కూడా ఆగిపోతుంది. ఈ తేడాను అమ్మేవారు కొనేముందే చెప్పాలి.

మా విషయంలో అది ఏడాది చివర తెలిసింది. ఒక మధ్యాహ్నం క్లాసు నడుస్తుండగా పెందుర్తి నుంచి వచ్చే అమ్మాయి లేచి నా దగ్గరకు వచ్చింది. “మేడం, నాన్న ఫోన్‌కి బ్యాంకు మెసేజ్ వచ్చిందండి. రేపు పద్నాలుగు వేలు కట్ అవుతాయంట. ఇది ఎలాగ ఆపాలండీ?” అని అడిగింది. ఆ మెసేజ్‌లో 14,145 రూపాయల 84 పైసలు అని ఉంది. రెండో ఏడాదికి రాయితీ పోయి నెల ధర 999 అయింది, పన్నెండు నెలలకు 11,988, దాని మీద పన్ను. ధర పెరుగుతుందన్న మాట నియమావళిలో ఉంది. తర్వాత వెతికి చూస్తే దొరికింది. ధరల పేజీలో మాత్రం ఎక్కడా లేదు.

ఇక్కడ మన నియమాల గురించి ప్రతి విద్యార్థీ తెలుసుకోవలసింది ఒకటుంది. కార్డు నుంచి ఎప్పటికప్పుడు తనంతట తానే డబ్బు తీసుకునే చెల్లింపులకు రిజర్వ్ బ్యాంకు పెట్టిన కొత్త పద్ధతి 2021 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. మొదట 5,000 రూపాయలు దాటిన ప్రతి చెల్లింపుకూ ఓటీపీ వంటి అదనపు నిర్ధారణ కావాలన్నారు. 2022 జూన్‌లో ఆ హద్దును 15,000కు పెంచారు. హద్దు లోపల ఉన్న చెల్లింపుకు ఓటీపీ అక్కర్లేదు. కాకపోతే కనీసం 24 గంటల ముందు బ్యాంకు తెలియజేయాలి, వద్దనుకుంటే ఆపుకునే వీలు ఆ సందేశంలోనే ఇవ్వాలి. మా పిల్లల 14,145 రూపాయలు 15,000కు కాస్త దిగువన ఉండిపోయాయి. కాబట్టి ఎవరూ ఓటీపీ చెప్పకుండానే మర్నాడు డబ్బు పోయేది. ఆ తండ్రి బ్యాంకు మెసేజ్‌లు చదివే అలవాటున్న మనిషి కాబట్టి మాకు ఒక రోజు దొరికింది.

ఆ సాయంత్రం మేము ముందుగా సంస్థ ఖాతాలోకి వెళ్లి చందా మానుకోవడానికి ప్రయత్నించాం. కొనడానికి మూడు తెరలు పట్టింది, మానుకోవడానికి నాలుగు పట్టాయి. మొదటిది ఎందుకు వెళ్లిపోతున్నారన్న ప్రశ్న. రెండోది రెండు నెలలు ఉచితమన్న ఆశ. మూడో తెరలో ఎర్రటి గుర్తుతో, మీ పనులన్నీ పోగొట్టుకుంటారన్న హెచ్చరిక. నాలుగో తెరలో చందా ఉంచుకోవడానికి పెద్ద నీలి బటన్ ఉంది. మానుకోవడానికి ఉన్నది సన్నటి గీత గీసిన వాక్యం మాత్రమే, దాని మీద ‘నా పనిని వదులుకుంటాను’ అన్న అర్థం వచ్చే మాట రాశారు. ఆ అమ్మాయి చెయ్యి ఆ వాక్యం దగ్గర ఆగిపోయింది, తను నా వైపు చూసింది. ఏడాది పాటు కష్టపడి గీసుకున్న బొమ్మలు, తండ్రి డబ్బు, రెండూ ఒకేసారి గుర్తుకు వచ్చేలా రాసిన మాట అది. అక్షరాలు, రంగులు, బటన్లు మనిషి మనసును ఎలా నడుపుతాయో తెలిసినవారు ఆ తెరను చేశారు. అది మా వృత్తి పనితనమే, మేము నేర్పే సూత్రాలే. వాటిని పంతొమ్మిదేళ్ల పిల్ల మీద ఇలా ప్రయోగించడం నన్ను బాధపెట్టింది.

ఇలాంటి పోకడలకు మన దగ్గర ఇప్పుడు పేర్లు ఉన్నాయి. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబర్ 30న డార్క్ ప్యాటర్న్‌ల, అంటే కొనేవారిని మభ్యపెట్టే ఇలాంటి తెరల, నివారణకు మార్గదర్శకాలు జారీ చేసి, పదమూడు రకాలను పేర్కొంది. చివరి తెరలో ఖర్చులు బయటపెట్టడం, వద్దన్నవారిని సిగ్గుపడేలా చేసే మాటలు రాయడం, చందా నుంచి బయటపడే దారిని ముళ్ల దారిగా చేయడం, ఈ మూడూ అందులో ఉన్నాయి. చందా సాఫ్ట్‌వేర్ సేవలకు గుట్టుగా మళ్లీ మళ్లీ డబ్బు రాబట్టే బిల్లుల పోకడను విడిగా ఒక రకంగా చేర్చారు. ఇతర దేశాల్లోనూ ఈ తగవు నడుస్తోంది. ఏడాది ఒప్పందాన్ని ముందే మానుకుంటే పడే రుసుమును కొనేవారికి స్పష్టంగా చూపలేదన్న ఆరోపణతో 2024 జూన్‌లో అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పక్షాన అడోబీ మీద దావా పడింది. మాకు జరిగింది ఆ సంస్థతో కాదు. పెద్దదైనా చిన్నదైనా చందా వ్యాపారంలో తగవు వచ్చే చోటు ఒకటేనని చెప్పడానికే ఈ ప్రస్తావన.

చివరికి బ్యాంకు మెసేజ్‌లో ఉన్న లింకు ద్వారానే చెల్లింపు ఆపాం. ఆ తర్వాత బొమ్మల పని. ఆ సాఫ్ట్‌వేర్ సొంత ఫైలు రూపాన్ని వేరేదేదీ తెరవలేదు. అమ్మాయి ఖాతాలో ముప్పై ఒక్క ఫైళ్లు ఉన్నాయి. ఒక్కొక్కదాన్నీ తెరిచి ఎస్‌వీజీగా (ఇతర సాఫ్ట్‌వేర్లూ తెరవగల గీత బొమ్మల ఫైలు రూపం), పీడీఎఫ్‌గా దాచుకుంటూ వచ్చేసరికి రాత్రి తొమ్మిదయింది. మిగతా పిల్లలందరికీ ఆ రాత్రే ఫోన్లు చేశాను. ముగ్గురికి అప్పటికే డబ్బు పోయింది. సంస్థకు ఉత్తరాలు రాస్తే పదమూడు రోజుల తర్వాత ఒకరికి తిరిగి వచ్చింది, ఇద్దరికి రాలేదు.

ఇంత చెప్పాక సాధనం గురించి న్యాయంగా చెప్పాలి. గీతను వంచేటప్పుడు దాని స్పందన హాయిగా ఉంటుంది. మా పాత కంప్యూటర్లలో, 8 జీబీ మెమరీతో కూడా తడబడలేదు. కరెంటు పోయి వచ్చినా చేసిన పని పోలేదు. ప్రెస్సుకు కావలసిన నాలుగు సిరాల రంగుల లెక్క సరిగ్గా ఇచ్చింది. సందేహం రాస్తే ఒక్క రోజులో జవాబు వచ్చేది. పనిముట్టుగా దానికి ఐదుకు నాలుగున్నర ఇస్తాను. ధర చెప్పిన తీరుకు ఒకటి.

ఆ తర్వాతి బ్యాచ్‌కు ఇంక్‌స్కేప్‌తో నేర్పాను. 2003లో సోడిపోడి అనే పాత ప్రాజెక్టు నుంచి విడిపోయి పుట్టిన, ఎవరైనా ఉచితంగా వాడుకోగల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఇది, 1.0 కూర్పు 2020 మేలో వచ్చింది. దీని సొంత ఫైలు రూపం ఎస్‌వీజీ. అది ఏ ఒక్క సంస్థదీ కాని బహిరంగ ప్రమాణం కాబట్టి ఫైలు బందీ అవుతుందన్న భయం లేదు. తెలుగు అక్షరాల కూర్పు చక్కగా ఉంది. ‘స్త్రీ’, ‘విశాఖపట్నం’ అని కొడితే ఒత్తులు ఉండవలసిన చోట ఉన్నాయి. మండలి, రామభద్ర వంటి ఉచిత తెలుగు ఖతులతో (ఫాంట్లతో) పిల్లలు చేసిన శుభలేఖలు నాకు నచ్చాయి.

లోపాలూ ఉన్నాయి, వాటిని దాచను. డాబాగార్డెన్స్‌లో మేము ఎప్పుడూ వెళ్లే ప్రెస్సుకు ఒక కుర్రాడు నెమలికంఠం రంగు శుభలేఖ ఇచ్చి వస్తే, నీలం కాస్తా ఊదాగా అచ్చయింది. ఆపరేటర్ ఫైలు తెరిచి చూసి, “ఇది ఆర్‌జీబీలో ఉంది మేడం, తెర మీద ఉన్నట్టు కాగితం మీద రాదండి. టెక్స్ట్ అంతా కర్వులు చేసి, సీఎంవైకే పీడీఎఫ్ తెండి” అన్నారు. ఆర్‌జీబీ అంటే తెర కోసం ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులతో చేసే రంగుల లెక్క, సీఎంవైకే అంటే అచ్చు కోసం నాలుగు సిరాల లెక్క. కర్వులు చేయడమంటే అక్షరాలను గీతలుగా మార్చడం. మేము వాడిన కూర్పుల్లో ఇంక్‌స్కేప్ ఆ రకం పీడీఎఫ్‌ను నేరుగా ఇవ్వలేదు. బొమ్మను పేజీలు కూర్చే స్క్రైబస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చి, రంగులు అక్కడ సరిచేసి పంపవలసి వచ్చింది. ఈ అదనపు దారి నేర్పడానికి నాకు రెండు వారాలు ఎక్కువ పట్టాయి. నోడ్లు, అంటే గీతను వంచే బిందువులు, ఎక్కువగా ఉన్న బొమ్మల్లో ఇంక్‌స్కేప్ నెమ్మదిస్తుంది కూడా. ఉద్యోగానికి వెళ్లే పిల్లల్ని, మీకు ఫలానా చందా సాఫ్ట్‌వేర్ వచ్చా అని అడిగే చోట్లు మన ఊర్లో ఇంకా చాలా ఉన్నాయి. అందుకే చివరి రెండు నెలలు, పూర్తి ధర ముందే లెక్కగట్టి చెప్పి, ఆ చందా సాఫ్ట్‌వేర్‌ను నెల నెలా కట్టే పద్ధతిలో నేర్పుతున్నాను.

అఫినిటీ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ గురించి కూడా పిల్లలు అడుగుతారు. 2014లో అఫినిటీ డిజైనర్ వచ్చినప్పుడు చందా లేకుండా ఒక్కసారి కొనుక్కునే పద్ధతే దాని పెద్ద ఆకర్షణ. 2024లో కాన్వా అనే ఆన్‌లైన్ డిజైన్ సంస్థ దాన్ని కొన్నది, 2025 అక్టోబర్‌లో కాన్వా ఖాతా ఉన్నవారికి ఉచితం చేసింది. కృత్రిమ మేధ సౌకర్యాలు మాత్రం కాన్వా చందాదారులకే. ఖర్చు ఎవరు భరిస్తున్నారో అక్కడ తెర మీదే తెలుస్తోంది కాబట్టి దాన్ని పిల్లలకు చూపించడానికి నాకు అభ్యంతరం లేదు.

ఇప్పుడు కొత్త సాఫ్ట్‌వేర్ ఏది సూచించాలన్నా ముందు ఒక కాగితం నింపుతున్నాను. పన్నుతో కలిపి ఏడాది మొత్తం ఎంత, రెండో ఏడాది ఎంత, మానుకోవడానికి చివరి తేదీ ఏది, మానుకున్నాక నా ఫైళ్లను దేనితో తెరవాలి. ఈ నాలుగింటిలో ఏది సంస్థ పేజీలో దొరకకపోయినా వారికే రాసి అడుగుతాను, జవాబు వచ్చేదాకా పిల్లలకు చెప్పను. ఉపాధ్యాయుల శిక్షణలకు ఇప్పటికీ వెళ్తున్నాను, కాకపోతే ఉచిత లైసెన్సు తీసుకోవడం మానేశాను. పిల్లలు కట్టే ధరే నేనూ కడుతున్నాను, అప్పుడే ఆ బిల్లు నా కంట పడుతుంది.

ఈ సమీక్ష రాసే ముందు ఆ సంస్థ ధరల పేజీని మళ్లీ తెరిచి చూశాను. ఏడాది మొత్తం ఇప్పుడు పన్నుతో సహా మొదటి తెరలోనే ఉంది. బూడిద వాక్యం నల్లబడి, 14 పిక్సెళ్లకు పెరిగింది. మధ్య వరుస నీలి అంచు అలాగే ఉంది. రెండో ఏడాది ధర ఇంకా రాయలేదు. దాని కోసం నిన్న మళ్లీ ఉత్తరం రాశాను.